ఉమ్మడి కంప్యూటరులో శబ్దం తగ్గుదల

ఉమ్మడి కంప్యూటరులో శబ్దం తగ్గుదల అనగా పాఠశాల, కార్యాలయం, గ్రంథాలయం, ఇంటర్నెట్ కేంద్రం వంటి చోట్ల పలువురు వంతులవారీగా వాడే కంప్యూటరు నుండి ధ్వని ఉండవలసినంతగా వినిపించకపోవడం. వాడుకలో దీనిని "సౌండు తక్కువ" అంటారు. యంత్రం చెడిపోకుండానే, అంతకుముందు వాడినవారు మార్చిన అమరిక అలాగే ఉండిపోవడం వలన కూడా ఈ సమస్య కలుగుతుంది. ధ్వని చెవికి చేరేలోగా అనేక దశలు దాటి వస్తుంది. అందులో ఏ ఒక్క దశలో తగ్గినా చివరకు వినిపించేది తగ్గుతుంది. అందుచేత దశలను వరుసగా పరీక్షించడమే దీనికి సరైన పద్ధతి. కొత్త స్పీకర్లు కొనడం ఆ తరువాతి మాట.

కర్నూలు, కడప ప్రాంతంలో

రాయలసీమలోని కర్నూలు, కడప ప్రాంతంలో పాఠశాలల కంప్యూటరు గదులు, పట్టణాలలోని ఇంటర్నెట్ కేంద్రాలు ఉమ్మడి వాడకానికి ఉదాహరణలు. 2011లో మీసేవ కేంద్రాలు, 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు రాష్ట్రంలో మొదలయ్యాక ఈ వాడకం మరింత విస్తరించింది. కడప జిల్లా ఇడుపులపాయలో 2008లో ఏర్పడి, ట్రిపుల్ ఐటీగా పేరొందిన విశ్వవిద్యాలయ ప్రాంగణంలో విద్యార్థులకు లాప్‌టాపులు ఇచ్చి వాటి ద్వారా పాఠాలు బోధించారు. 2017లో ప్రారంభమైన దీక్ష వేదికలో, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ ఆధారంగా వీడియో పాఠాలు చూసే వీలు కలదు.

ఇటువంటి బోధనలో ధ్వని అదనపు సౌకర్యం మాత్రమే కాదు. వెనుక బల్ల మీద కూర్చున్న విద్యార్థికి మాట అందకపోతే అతనికి పాఠం జరగనట్టే లెక్క.

ధ్వని ప్రయాణించే మార్గం

కంప్యూటరులో ధ్వని ఈ క్రింది దశల గుండా వెళ్తుంది.

1. మూల రికార్డింగు. కొన్ని పాఠాలు మొదటే సన్నని ధ్వనితో రికార్డు చేయబడి ఉంటాయి.
2. వెబ్ పుట లేదా వీడియో ప్లేయరు లోపలి ధ్వని మీట.
3. ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కొక్క ప్రోగ్రాముకు ఇచ్చే విడి స్థాయి.
4. ఆపరేటింగ్ సిస్టమ్ యొక్క ప్రధాన స్థాయి.
5. సౌండు కార్డు, దానిని నడిపించే డ్రైవరు.
6. తీగ, పిన్ను, లేదా బ్లూటూత్ సంబంధం.
7. స్పీకరు లేదా హెడ్‌ఫోను మీద ఉండే తిప్పుడు మీట.
8. గది, వినేవారికి స్పీకరుకు మధ్య దూరం.

ఈ దశలలో తగ్గుదలలు ఒకదానితో ఒకటి గుణించబడతాయి. ఉదాహరణకు మూడు దశలలో ధ్వని కంపన పరిమితి సగానికి తగ్గితే, చివరకు మిగిలేది ఎనిమిదవ వంతు. డెసిబెల్ లెక్కలో ఒక్కొక్క సగానికి సుమారు 6 చొప్పున మొత్తం 18 డెసిబెల్స్ తగ్గుతాయి. 10 డెసిబెల్స్ తగ్గితేనే మనిషి చెవికి శబ్దం దాదాపు సగమైనట్లు తోస్తుంది. తలా ఒకచోట కొద్దికొద్దిగా తగ్గించినా, చివరి వ్యక్తికి ఏమీ వినిపించకపోవడానికి కారణం ఇదే.

పరీక్షించే క్రమం

ఒకసారి ఒక్క దశనే మార్చి, ఫలితం విని, తరువాతి దశకు వెళ్లాలి. అన్నీ ఒకేసారి మారిస్తే లోపం ఎక్కడ ఉన్నదో తెలియదు.

* మరొక వీడియో వినాలి. అది బాగా వినిపిస్తే లోపం మొదటి రికార్డింగులోనో, ఆ ప్రోగ్రాములోనో ఉన్నట్లు.
* ప్లేయరు లోపలి మీటను, ఆ తరువాత ప్రధాన స్థాయిని చూడాలి.
* స్పీకరు మీది తిప్పుడు మీటను సగం వద్ద ఉంచాలి. స్పీకరుకు విద్యుత్తు అందుతున్నదీ లేనిదీ గమనించాలి.
* పిన్నును తీసి మళ్లీ పూర్తిగా లోపలికి నెట్టాలి. డెస్క్‌టాపులలో సాధారణంగా లేత ఆకుపచ్చ రంగు రంధ్రం స్పీకర్లకు, గులాబీ రంగుది మైకుకు, లేత నీలం రంగుది బయటి ధ్వనిని లోపలికి తీసుకొనడానికి ఉంటాయి.
* ధ్వని ఏ పరికరానికి వెళ్తున్నదో చూడాలి. మానిటరును హెచ్‌డీఎంఐ తీగతో కలిపినపుడు ధ్వని స్పీకర్లకు పోక మానిటరుకు పోవచ్చు.
* వేరే హెడ్‌ఫోను పెట్టి చూడాలి. దానిలో బాగా వినిపిస్తే లోపం స్పీకరుది లేదా దాని తీగది.

పిన్ను సగమే దిగినపుడు ఒక విచిత్రమైన లక్షణం కనిపిస్తుంది. పాటలో వాద్యాలు వినిపిస్తాయి గానీ గాయకుని గొంతు లోపలెక్కడో ఉన్నట్లు ఉంటుంది. సాధారణంగా మాట కుడి, ఎడమ రెండు మార్గాలలోను సమానంగా రికార్డు అయి ఉంటుంది. పిన్ను యొక్క ఉమ్మడి తీగకు సంబంధం తెగితే రెండు మార్గాల మధ్య భేదం మాత్రమే స్పీకరుకు చేరి, సమానంగా ఉన్న మాట రద్దవుతుంది. ఉపాధ్యాయుని కంఠం మాత్రమే ఉన్న పాఠమైతే దాదాపు ఏమీ వినబడదు.

ఆపరేటింగ్ సిస్టమును బట్టి భేదాలు

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ప్రధాన మీటతో పాటు "వేవ్" అనే మరొక మీట ఉండేది. ప్రధాన మీట పైన ఉన్నా, వేవ్ క్రింద ఉంటే ధ్వని సన్నగా వచ్చేది. 2007లో వచ్చిన విండోస్ విస్టా నుండి ఒక్కొక్క ప్రోగ్రాముకు విడి స్థాయి పెట్టుకొనే వీలు కలిగింది. దీనిని "వాల్యూమ్ మిక్సర్" అంటారు. గడియారం ప్రక్కనున్న స్పీకరు గుర్తుపై మౌసు కుడి బొత్తాము నొక్కితే ఇది కనిపిస్తుంది.

2009లో వచ్చిన విండోస్ 7లో మరొక అమరిక చేరింది. కంప్యూటరు ద్వారా ఎవరితోనైనా మాట్లాడుతున్నపుడు ఇతర ధ్వనులను అదే 80 శాతం తగ్గిస్తుంది. సమావేశం ముగిసినా ఆ ప్రోగ్రాము వెనుక నడుస్తూ ఉంటే ఈ తగ్గుదల కొనసాగవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లోని "సౌండ్" విభాగంలో, "కమ్యూనికేషన్స్" అనే చోట "డూ నథింగ్" ఎంచుకుంటే ఇది ఆగుతుంది.

లినక్స్‌లో టెర్మినల్ తెరచి "ఆల్సామిక్సర్" అనే ఆదేశం ఇస్తే సౌండు కార్డులోని మీటలన్నీ కనిపిస్తాయి. ఏదైనా మీట క్రింద "ఎంఎం" అని ఉంటే అది మూసి ఉన్నదని అర్థం. "ఎం" మీట నొక్కితే తెరుచుకుంటుంది.

గది ప్రభావం

కంప్యూటరులో లోపం లేకపోయినా గది వలన మాట అందకపోవచ్చు. ఈ ప్రాంతపు కట్టడాలలో కడప బండలు, బేతంచెర్ల బండలు పరచిన నేలలు, సిమెంటు పైకప్పులు విరివిగా ఉంటాయి. ఇటువంటి గట్టి తలాలు ధ్వనిని పీల్చుకోక తిప్పికొడతాయి. అందువలన ఒక అక్షరం మ్రోగుతుండగానే తరువాతి అక్షరం వచ్చి మాట అస్పష్టమవుతుంది. ఇక్కడ ధ్వని పెంచితే ప్రతిధ్వని కూడా పెరుగుతుంది గనుక ప్రయోజనం తక్కువ. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులలో ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరగడం, కిటికీలు తెరచి ఉండడం కూడా మాటను కప్పివేస్తాయి.

ఆరుబయట దూరం రెట్టింపైతే ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో కూడా స్పీకరు నుండి నేరుగా వచ్చే మాట దూరంతో బలహీనపడుతుంది. కాబట్టి స్పీకర్లను బల్ల క్రింద నుండి తీసి, వినేవారి చెవుల ఎత్తున, వారి వైపు తిప్పి, దగ్గరగా పెట్టడం మేలు. కిటికీలకు మందపాటి తెరలు, నేలపై జంపఖానా ఉంటే ప్రతిధ్వని కొంత తగ్గుతుంది.

చూపులేని వాడుకరులు

చూపులేనివారు తెరపై ఉన్నదానిని చదివి వినిపించే ప్రోగ్రాముల సాయంతో కంప్యూటరు వాడతారు. వీటిలో ఎన్‌వీడీఏ ఉచితంగా లభిస్తుంది. దీని నిర్మాణం 2006లో ఆస్ట్రేలియాలో మొదలైంది. ఈస్పీక్ ఎన్‌జీ అనే స్వర యంత్రం ద్వారా ఇది తెలుగును కూడా చదువుతుంది.

వీరికి ధ్వనే తెర. ముందు వాడినవారు ధ్వనిని పూర్తిగా మూసి వెళితే, మూసి ఉన్నదన్న సంగతి కూడా కంప్యూటరు వీరికి చెప్పలేదు. చూపున్నవారికి ఒక్క క్షణంలో తీరే చిక్కు వీరిని పరులపై ఆధారపడేలా చేస్తుంది. కీబోర్డు మీద ధ్వని పెంచే ప్రత్యేక మీట ఉండడం, స్పీకరు మీటను చేతికందే చోట ఉంచడం ఇందుకు ఉపాయాలు. ఎన్‌వీడీఏ మాట్లాడుతున్నపుడు ఇతర ధ్వనులను తగ్గించే సౌకర్యం 2016 నుండి ఉన్నది. తరువాత వచ్చినవారికి పాఠం ధ్వని మాటిమాటికీ పడిపోతున్నట్లు అనిపిస్తే, ఇన్సర్టు, షిఫ్టు, డి మీటలను కలిపి నొక్కి దానిని మార్చవచ్చు. అందుకోసం ఎన్‌వీడీఏను తీసివేయకూడదు.

చెవుల రక్షణ

ధ్వని తక్కువగా ఉన్నదని అన్ని దశలనూ గరిష్ఠానికి పెంచడం సరికాదు. ప్లేయరులో 100 శాతం దాటించినపుడు తరంగాల కొనలు తెగి మాట గరగరలాడుతుంది. అంతకంటె ముఖ్యమైనది, తరువాతి వ్యక్తి హెడ్‌ఫోను పెట్టుకోగానే చెవిలో పెద్ద మ్రోత పడుతుంది. పెద్దలు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ వరకు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఆ పైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారి సురక్షిత కాలం సగమవుతుంది. ఉమ్మడి కంప్యూటరు వద్ద ముందు ధ్వని మొదలుపెట్టి, దూరం నుండి విని, ఆ తరువాతనే హెడ్‌ఫోను ధరించాలి.

నివారణ

* అందరూ కలసి ఒక సాధారణ స్థాయిని నిర్ణయించుకొని, దానిని చీటీపై వ్రాసి మానిటరు ప్రక్కన అంటించాలి.
* పని ముగించినవారు ధ్వనిని ఆ స్థాయికి తెచ్చి లేవాలి.
* వీలైతే ఒక్కొక్కరికి వేరు వేరు ఖాతాలు ఏర్పరచాలి. అయితే ఒకరు మార్చిన ప్రధాన స్థాయి మిగిలినవారికి కూడా మారవచ్చు.
* స్పీకరు మీద, పిన్ను రంధ్రాలలో చేరే దుమ్మును విద్యుత్తు ఆపివేసి, మెత్తని పొడి కుంచెతో తుడవాలి. తడిగుడ్డ వాడరాదు.
* పై పరీక్షలన్నీ చేసిన పిదప కూడా ధ్వని పెరగకపోతే డ్రైవరును మళ్లీ స్థాపించాలి. అప్పటికీ కుదరకపోతేనే మరమ్మతుకు ఇవ్వాలి.