చావెరుగని కణములు

మెడలోను, చంకలోను, గజ్జలోను బిళ్ళలు కట్టుట మన పల్లెలలో ఎల్లరెరిగినదే. అవి శోషరస గ్రంథులు. రోగక్రిములతో పోరాడు తెల్లకణములకు ఠాణాలు. ఆ కణములే అదుపు తప్పి పెరిగినచో దానిని లింఫోమా అందురు. అది యొక క్యాన్సరు. ఎయిడ్సు రోగులకు ఇది యేల ఎక్కువగా వచ్చునో తెలిపినవి గాజుపాత్రలలో పెరిగిన కణములే.

దేహమునుండి వేరైన మానవకణము కొలదికాలమే బ్రతుకును. కాని 1951లో బాల్టిమోరు నగరమున హెన్రియెట్టా లాక్స్ అను స్త్రీ కంతినుండి తీసిన కణములను జార్జి గై పెంచగా, అవి ఎడతెగక వృద్ధిచెందెను. ఆమె ఆ యేడే మరణించెను. ఆమె కణములు నేటికిని జీవించుచున్నవి. పరిశోధనకై ఆమె యనుమతిని మాత్ర మెవరును కోరలేదు.

1958లో డెనిస్ బర్కిట్ ఉగాండా పిల్లల దవడలలో వచ్చు కంతిని లోకమునకు తెలిపెను. 1963లో పల్వర్టాఫ్ట్ నైజీరియా బాలుని అట్టి కంతినుండి 'రాజి' అను కణపరంపరను నెలకొల్పెను. పేరు రాజియే గాని, ఆ కణములు మృత్యువుతో రాజీపడలేదు! 1964లో ఎప్‌స్టీన్, ఆచాంగ్, బార్ అను మువ్వురు, కంపాలానుండి విమానమున లండను చేరిన కంతినుండి పెంచిన కణములలో ఒక వైరసును చూచిరి. ప్రపంచమున పెద్దలలో నూటికి 90 మందికి పైగా దానిని మోయుచునే యున్నారు. ఆరోగ్యవంతునిలో అది అణగియుండును.

1981లో ఎయిడ్సు వెల్లడియైనది. మన దేశమున 1986లో మద్రాసునందు సునీతి సాలమన్ బృందము దానిని గుర్తించినది. ఎయిడ్సు వైరసు కావలి కణములను చంపును. కావలి లేని చేనిలో పశువులు పడినట్లు, అణగియున్న వైరసులు విజృంభించును. అవి సోకిన కణములు కంతులగును. 1994లో చాంగ్, మూర్ దంపతులు మరియొక వైరసును కనుగొనిరి. 1995లో ఒక ఎయిడ్సు రోగి లింఫోమానుండి పెంచిన బి.సి.-1 కణములలో ఈ రెండు వైరసులును కనబడెను. తరువాత వచ్చిన బి.సి.-3 కణములలో క్రొత్తది మాత్రమే కలదు. ఇట్లు ఏ వైరసు చేయు పని యేదో వేరుపరచి చూచుటకు వీలు కలిగినది.

చికిత్సలో తెలుగువాని చేయియు కలదు. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో అమినాప్టెరిన్ తయారైనది. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటును నేటికిని లింఫోమాలకు వాడుచున్నారు. 2004 నుండి మన ప్రభుత్వము ఎయిడ్సు మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. వానిని విడువక సేవించినచో కావలి కణములు తిరిగి పెరుగును, లింఫోమా భయము తగ్గును.

కాన రాజాం వంటి పట్టణమందైనను, దాని చుట్టుపట్ల పల్లెలయందైనను, మానని బిళ్ళను సిగ్గుచే దాచుకొనరాదు. అది క్షయవలనను రావచ్చును, ఇతర కారణములచేతను రావచ్చును, పరీక్షయే నిర్ణయింపవలెను. రోగిని వెలివేయుట 2017 నాటి చట్టమునకును, మానవధర్మమునకును విరుద్ధము. పేరు తెలియని రోగులెందరో తమ కణములచే మనకీ జ్ఞానమునిచ్చిరి. ఇరుగుపొరుగున నున్న రోగిని ఆదరించుటయే వారి ఋణము తీర్చుకొను మార్గము.