వసంతంలో ఇంటి స్థలం కొనుగోలు: దళారి మాట, దస్తావేజు మాట

మోదుగులు పూసే ఫాల్గుణ మాసానికి ప్రత్తి, సోయాబీను, శనగ అమ్మిన డబ్బు రైతు ఇంటికి చేరుతుంది. గోకుంద, కిన్వట్ పరిసరాలలో ఇంటి స్థలాల మాటలు జోరందుకునేది కూడా అప్పుడే. చైత్ర శుద్ధ పాడ్యమి తెలుగువారికి ఉగాది, మరాఠీవారికి గుఢీ పాడ్వా. మరాఠీ సంప్రదాయంలో ప్రసిద్ధమైన మూడున్నర శుభముహూర్తాలలో అది ఒకటి, అక్షయ తృతీయ మరొకటి. ఈ రెండు పర్వదినాల నడుమ బయానాలు చేతులు మారుతాయి. పెళ్ళి ఖర్చు తగ్గించి, బంగారం కుదువబెట్టి కూడగట్టిన సొమ్ము ఒక్క సంతకంతో స్థలంగా మారవచ్చు, లేదా ఏళ్ల తరబడి సాగే వ్యాజ్యంగానూ మారవచ్చు. ఆ తేడా చాలావరకు మధ్యవర్తి ఎంపికపైన, డబ్బు ఇవ్వకముందే చూసే కాగితాలపైన ఆధారపడి ఉంటుంది.

సరిహద్దు కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు

కిన్వట్ తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలో భాగం. రాష్ట్రాల పునర్విభజనలో అది నాందేడ్ జిల్లాలో కలిసింది. బంధుత్వాలు ఇరువైపులా నిలిచాయి, భూమి చట్టాలు మాత్రం వేరయ్యాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలకు భూమి కాగితాలు మరాఠీలో వస్తాయి. కాగితాన్ని చదివి చెప్పేది దళారియే అయినప్పుడు, అతడు చెప్పని విషయం కొనుగోలుదారుకు తెలియదు. అందుచేత దళారి కాని మరొకరి చేత, అనగా మరాఠీ బడిలో చదివిన కుమార్తె లేదా కుమారుని చేత, ఊరి ఉపాధ్యాయుని చేత, న్యాయవాది చేత, ప్రతి కాగితాన్ని చదివించుకోవడం మొదటి జాగ్రత్త.

దళారిని ఎంచుకొనుట

స్థిరాస్తి నియంత్రణ చట్టం (రేరా) 2016లో వచ్చింది, 2017 మే 1 నుండి పూర్తిగా అమలులోకి వచ్చింది. 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుటు లేదా ఎనిమిదికి మించిన ఫ్లాట్లు గల నిర్మాణం ఈ చట్టం కిందికి వస్తే, దానిని అమ్మకానికి పెట్టే ముందే నమోదు చేయించాలి. అటువంటి ప్రాజెక్టులలో అమ్మకాలు కుదిర్చే ఏజెంటు కూడా నమోదు కావాలి. మహారాష్ట్రలో ఈ నమోదును మహారేరా చూస్తుంది. ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేస్తూ 2023లో ఆ సంస్థ ఆదేశాలిచ్చింది. ప్రాజెక్టు నమోదు సంఖ్య ఆంగ్ల అక్షరం 'పి'తోను, ఏజెంటు సంఖ్య 'ఎ'తోను మొదలవుతాయి. రెండింటినీ మహారేరా వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా సరిచూడవచ్చు.

అయితే ఊరిలో పాత ఇల్లు, ఒంటరి స్థలం, పొలం బేరం కుదిర్చే మధ్యవర్తికి ఈ నమోదు వర్తించదు. అక్కడ అతనిని పరీక్షించవలసినది కొనుగోలుదారే. అందుకు కొన్ని ప్రశ్నలు ఉపకరిస్తాయి.

మొదటిది, అతడు ఎవరి పక్షాన ఉన్నాడు? అమ్మేవారి నుండి, కొనేవారి నుండి కూడా రుసుము తీసుకునే వాడుక ఉన్నది. అది దాచనంతవరకు తప్పు కాదు. రుసుము శాతానికి చట్టం నిర్ణయించిన హద్దు లేదు గనుక, ఎంత, ఎప్పుడు, దేనిపై అన్నది ముందే కాగితంపై వ్రాయించాలి. రుసుములో అధిక భాగాన్ని రిజిస్ట్రేషన్ పూర్తయిన తరువాతనే చెల్లించడం మేలు.

రెండవది, అతడు గతంలో కుదిర్చిన రెండు మూడు కొనుగోళ్ల వారిని కలవనిస్తాడా? వారి పేరిట ఫేర్‌ఫార్ అయినదా, లేదా అని వారినే అడగాలి.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: బయానాకు ముందే సర్వే సంఖ్య చెప్పి, అసలు యజమానిని ఎదుట నిలుపుతాడా? "ముందు పది వేలు ఇవ్వండి, కాగితాలు తరువాత చూద్దాం" అనే దళారిని అక్కడితో విడిచిపెట్టడమే లాభం. మంచి మధ్యవర్తి కాగితాలు చూపడానికి వెనుకాడడు.

చూడవలసిన కాగితాలు

సాత్‌బారా (7/12): మహారాష్ట్రలో పొలానికి ఇదే ప్రధాన పత్రం. ఏడవ నమూనాలో యజమానులు, హక్కులు ఉంటాయి. పన్నెండవ నమూనాలో పంట వివరాలు ఉంటాయి. డిజిటల్ సంతకంతో కూడిన ప్రతిని 2018 మే నుండి ప్రభుత్వ వెబ్‌సైటులో 15 రూపాయలకు ఇస్తున్నారు. దళారి తెచ్చిన జిరాక్సుతో తృప్తిపడక, కొత్త ప్రతిని స్వయంగా తీసుకోవాలి. 'ఇతర హక్క్' అనే గడిలో బ్యాంకు బాకీ, కౌలు, కోర్టు ఉత్తర్వు ఉన్నదీ లేనిదీ చూడాలి.

ఫేర్‌ఫార్: పేర్ల మార్పిడి నమోదు. ప్రస్తుత యజమానికి భూమి ఎలా వచ్చినదో దీనివలన తెలుస్తుంది. వారసత్వ భూమి అయితే అక్కచెల్లెళ్ల పేర్లు చూడాలి. 2005 సవరణ తరువాత హిందూ అవిభక్త కుటుంబంలో కుమార్తెలకు కుమారులతో సమాన హక్కు ఉన్నది. ఆదిలాబాదు వైపు కాపురానికి వెళ్లిన ఆడపడుచు సంతకం లేక నిలిచిపోయే బేరాలు ఈ సరిహద్దున అరుదు కాదు. ఆమె అమ్మకపు పత్రంలో సంతకం చేయాలి, లేదా నమోదైన హక్కసోడ్ పత్రం ఇచ్చి ఉండాలి.

నమూనా 8: గ్రామ పంచాయతీ ఇంటి పన్ను పుస్తకంలోని పత్రం. ఇది పన్ను లెక్క మాత్రమే, యాజమాన్యానికి రుజువు కాదు. గావ్‌ఠాణ్‌లోని ఇళ్లకు స్వామిత్వ పథకం కింద ఆస్తి పత్రిక వచ్చి ఉంటే దానిని కూడా అడగాలి.

సూచీ 2: రిజిస్ట్రేషన్ కార్యాలయపు పట్టిక. అదే స్థలం ఇదివరకే మరొకరికి అమ్ముడుపోయినదా అన్నది ఇందులో తేలుతుంది. ముప్పది సంవత్సరాల శోధన నివేదికను న్యాయవాది చేత తయారు చేయించడం వాడుక.

ఆదివాసి భూములు

కిన్వట్ తాలూకాలోని అనేక గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతంలో ఉన్నాయి. మహారాష్ట్ర భూమి రెవెన్యూ నియమావళి (1966)లోని 36-ఎ విభాగం ప్రకారం ఆదివాసి భూమిని ఆదివాసేతరునికి అమ్మడానికి కలెక్టరు అనుమతి, దానికి ముందు రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి ఉండాలి. ఈ నిబంధన 1974 నుండి అమలులో ఉన్నది. "అనుమతి తరువాత తెప్పిస్తాను, ఈలోగా బాండు వ్రాసుకుందాం" అనే మాట నమ్మదగినది కాదు. అనుమతి లేని బేరంలో కొన్నవాని డబ్బు, అమ్మిన ఆదివాసి కుటుంబపు జీవనాధారం రెండూ ప్రమాదంలో పడతాయి. చట్టం వచ్చినది ఆ జీవనాధారాన్ని కాపాడడానికే.

గుంట ప్లాట్ల ఆకర్షణ

పొలాన్ని గుంట, అరగుంట ముక్కలుగా గీసి సున్నపు గీతలతో చూపే ప్లాట్లు చవకగా కనిపిస్తాయి. వ్యవసాయ భూమిని నిర్ణీత ప్రమాణానికి తక్కువగా ముక్కలు చేయడాన్ని 1947 నాటి తుకడేబందీ చట్టం నిషేధించింది. 2025లో ప్రభుత్వం ఇందులో సడలింపులు తెచ్చినా, అవి ప్రతి ఊరికీ, ప్రతి పొలానికీ వర్తించవు. సదరు సర్వే సంఖ్యకు వర్తిస్తాయా అన్నది తహసీలు కార్యాలయంలో లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. మంజూరైన లేఅవుటు పటం, ఎన్.ఏ. అనగా వ్యవసాయేతర వినియోగపు ఆధారం, దారి హక్కు — ఈ మూడూ లేని ప్లాటుపై గృహ ఋణం దొరకడం కష్టం.

కొలతలలోనూ పొరపాట్లు జరుగుతాయి. ఇటు చదరపు అడుగులు, తెలంగాణ వైపు చదరపు గజాలు వాడుకలో ఉన్నాయి. ఒక గుంట 121 చదరపు గజాలు, అనగా 1,089 చదరపు అడుగులు. 40 గుంటలు ఒక ఎకరం. సాత్‌బారాలో కనిపించే ఒక 'ఆర్' 100 చదరపు మీటర్లు, గుంటకంటె కొద్దిగా తక్కువ.

వసంతంలో నేల ఎండి ఉంటుంది. ఆషాఢ శ్రావణాలలో అదే నేల ఎలా ఉంటుందో పొరుగువారిని అడగాలి. పెన్‌గంగకు, వాగులకు దగ్గరి పల్లపు స్థలాల విషయంలో ఈ విచారణ తప్పనిసరి.

బయానా నుండి రిజిస్ట్రేషన్ వరకు

స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు లేదా అంతకు మించిన బయానాను నగదుగా తీసుకోవడం 2015 జూన్ నుండి ఆదాయపు పన్ను నిబంధనలకు విరుద్ధం. చెక్కు లేదా బ్యాంకు బదిలీ ద్వారా, యజమాని ఖాతాకే చెల్లించాలి. దళారి ఖాతాకు పంపరాదు. రేరా ప్రాజెక్టులో నమోదైన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి అడగరాదు.

నోటరీ చేయించిన బాండు కాగితం అమ్మకం కాదు. ముఖ్త్యార్ పత్రం, అనగా జి.పి.ఏ. ద్వారా యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. సబ్ రిజిస్ట్రారు వద్ద నమోదైన ఖరేదీఖత్ మాత్రమే హక్కునిస్తుంది. మహారాష్ట్రలో రిజిస్ట్రేషన్ రుసుము విలువలో 1 శాతం, గరిష్ఠంగా 30,000 రూపాయలు. స్టాంపు సుంకం దీనికి అదనం. కట్టిన ఇంటిని స్త్రీ పేరిట కొంటే ఆ సుంకంలో 1 శాతం రాయితీ 2021 నుండి ఉన్నది.

"ఏప్రిల్ 1న ప్రభుత్వ రేటు పెరుగుతుంది, మార్చి 31లోగా తేల్చండి" అన్నది వసంతకాలంలో తరచు వినిపించే ఒత్తిడి. రెడీ రెక్కనర్ రేట్లను ఏప్రిల్‌లో సవరించే పద్ధతి ఉన్నమాట నిజమే, కాని కొన్ని సంవత్సరాలు అవి మారలేదు కూడా. పైగా సుంకం చెల్లించి, సంతకాలు పూర్తయిన పత్రాన్ని నాలుగు నెలలలోగా రిజిస్ట్రేషన్‌కు సమర్పించవచ్చునని 1908 నాటి చట్టం చెబుతున్నది. రేటు పెరుగుదలతో పోయేది స్వల్పం, కాగితం చూడక కొంటే పోయేది సర్వస్వం.

సరిహద్దుకు అవతల కొనేవారికి

ఆదిలాబాదు వైపు స్థలం చూసేవారు అక్కడి ఏజెన్సీ చట్టాన్ని గుర్తుంచుకోవాలి. 1959 నాటి ఒకటవ రెగ్యులేషన్, 1970 సవరణతో కలిపి, షెడ్యూల్డు ప్రాంతంలో ఆదివాసేతరుల మధ్య కూడా భూమి బదిలీని అంగీకరించదు. వ్యవసాయ భూముల రికార్డులకు 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ నుండి భూభారతి వచ్చింది. ఇటు మరాఠ్వాడాలో హైదరాబాదు రాజ్య కాలపు 1950 కౌలుదారీ చట్టం కారణంగా, రైతు కానివారు అనుమతి లేకుండా వ్యవసాయ భూమి కొనరాదు. రైతుగా రుజువు చూపవలసి ఉంటుంది.

తెలియవలసిన మరాఠీ మాటలు

భోగవటాదార్ వర్గ్ 1: అమ్మకానికి సాధారణంగా ఆంక్షలు లేని భూమి. వర్గ్ 2: ప్రభుత్వ అనుమతితోనే అమ్మదగినది.
బోజా: భూమిపై ఉన్న అప్పు.
కూళ్: కౌలుదారు.
ఇసార్ పావతీ: బయానా రసీదు.
సాఠేఖత్: అమ్మకపు ఒప్పందం. ఖరేదీఖత్: అమ్మకపు దస్తావేజు.
చతుఃసీమా: నాలుగు హద్దులు.
మోజణీ: ప్రభుత్వ కొలత.
తలాఠీ: గ్రామ రెవెన్యూ ఉద్యోగి.

రిజిస్ట్రేషన్‌తో పని ముగియదు. కొత్త యజమాని పేరిట ఫేర్‌ఫార్ మంజూరై, ఆ పేరు సాత్‌బారాలో కనిపించిన నాడే కొనుగోలు పూర్తయినట్లు. ఆ ప్రతిని చేతికి తీసుకున్న తరువాతనే దళారికి మిగిలిన రుసుము ఇచ్చి, గృహారంభానికి ముహూర్తం చూసుకోవచ్చు.