శక్కర్‌నగర్ కప్పు కింద: ట్రస్సుల స్థిరత్వంలో బ్రేసింగు పాత్ర

నిజామాబాదు మండలంలో చెరకు చరిత్ర నీటితో మొదలవుతుంది. మంజీరపై 1923లో ఆరంభమైన నిజాంసాగర్ నిర్మాణం 1931 నాటికి పూర్తయింది. కాలువ నీరు పారిన పొలాలను ఆధారం చేసుకొని 1937లో బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. దాని చుట్టూ ఏర్పడిన ఊరికి శక్కర్‌నగర్ అనే పేరు స్థిరపడింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదిగా పేరుపొందిన ఈ కర్మాగారం గురించిన చర్చ సాధారణంగా కాలువ, చెరకు రైతు, కార్మికుడు, ప్రైవేటీకరణ అనే అంశాల చుట్టూ సాగుతుంది. యంత్రాలను కాచిన పైకప్పు ఆ చర్చలోకి అరుదుగా వస్తుంది. కర్మాగారం నడవడానికీ, మూతపడ్డాక నిలవడానికీ ఆ కప్పే ఆధారం కనుక దానిని విడిగా పరిశీలించవలసి ఉంది.

ఈ ప్రాంతపు పాత ఇళ్లలో కప్పు బరువును మొగురాలు, దూలాలు, వాసాలు, మందమైన మట్టిగోడలు మోసేవి. పెంకుల బరువే కప్పును గాలికి లేవకుండా అదిమి ఉంచేది. చెరకు మిల్లుకు ఈ పద్ధతి చాలదు. వరుసగా అమర్చిన రోలర్లకూ, వాటిని మరమ్మతుకు ఎత్తే క్రేనుకూ నడుమ స్తంభాలు లేని విశాలమైన హాలు కావాలి. ఆ తరం మిల్లుల్లో ఈ అవసరాన్ని ఉక్కు ట్రస్సు, దానిపై ముడతల రేకు తీర్చాయి. ఉర్దూలో ట్రస్సును కైంచీ అంటారు. కత్తెరకూ అదే పేరు.

ట్రస్సు బలం త్రిభుజంలో ఉంది. అయితే ఆ బలం దాని తలంలోనే, అంటే పైనుంచి కిందికి వచ్చే బరువు విషయంలోనే పనిచేస్తుంది. పక్కకు తోస్తే అది నిలబెట్టిన పలుచని పలక వంటిది. బరువు పడినప్పుడు వాలు రాఫ్టర్లు ఒత్తిడికి, అడుగు టై సాగుడుకు లోనవుతాయి. ఒత్తిడికి లోనైన సన్నని ఉక్కు సభ్యం నలిగిపోకముందే పక్కకు వంగిపోతుంది. ఆధారం లేని పొడవును సగానికి తగ్గిస్తే వంగుడుకు ముందు అది మోయగల బరువు నాలుగు రెట్లవుతుందని 18వ శతాబ్దంలో ఆయిలర్ రూపొందించిన సూత్రం తెలుపుతుంది. రాఫ్టర్లను పర్లిన్లు అక్కడక్కడ పట్టి ఉంచడంలోని ప్రయోజనం ఇదే.

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. పర్లిన్లు అన్ని ట్రస్సులనూ ఒకదానితో ఒకటి కలుపుతాయి, కాని వాటంతట అవి దేనినీ ఆపలేవు. వరుసలోని ట్రస్సులన్నీ కలిసి ఒకే వైపుకు ఒరిగితే పర్లిన్లు కూడా వాటితోపాటే కదులుతాయి. అందువల్ల షెడ్డు చివరల వద్దనైనా రెండు ట్రస్సుల నడుమ గడిలో కప్పు వాలు తలంలోనే ఏటవాలు యాంగిళ్లను కత్తెర ఆకారంలో బిగించాలి. మిగిలిన గడులు ఆ గడిని పట్టుకొని నిలుస్తాయి. అక్కడి నుంచి బలాన్ని నిలువు బ్రేసింగు స్తంభాల ద్వారా పునాదికి చేరుస్తుంది.

గాలి విషయంలో లెక్క తారుమారవుతుంది. వేసవిలో వచ్చే ఈదురుగాలులు రేకు కప్పును పైకి పీల్చుతాయి. అప్పుడు సాగుడులో ఉండవలసిన అడుగు టై ఒత్తిడికి లోనవుతుంది. దానిని పక్కకు వంగనివ్వని పొడవాటి కట్లు అవసరమవుతాయి. రేకును పర్లిన్‌కు పట్టే హుక్ బోల్టు, పర్లిన్‌ను రాఫ్టరుకు పట్టే క్లీటు, ట్రస్సును స్తంభానికి పట్టే బోల్టు, స్తంభాన్ని పునాదికి పట్టే యాంకరు ఒకే గొలుసులోని కొక్కేలు. గోడపై ఆనిన ట్రస్సుకైతే గోడలోకి లోతుగా దిగిన ఇనుప పట్టీ ఈ పని చేస్తుంది. తేలికైన కప్పులో బరువును మోయడం కంటే కప్పును పట్టి ఉంచడమే కష్టం.

ఈ లోపం పేద కట్టడాలకే పరిమితం కాదు. 1978 జనవరి 18 తెల్లవారుజామున అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ సివిక్ సెంటర్ పైకప్పు మంచు బరువుకు కూలింది. అంతకు కొద్ది గంటల ముందే అక్కడ బాస్కెట్‌బాల్ పోటీ ముగిసింది. పై వరుస సభ్యాలకు పక్క ఆధారం చాలకపోవడం ఆ ప్రమాద కారణాలలో ముఖ్యమైనదిగా తేలింది.

చక్కెర మిల్లుల్లో మరొక శత్రువు ఉంది. రసాన్ని తెల్లబరచడానికి వాడే గంధకపు పొగ, ఉడికే కళాయిల ఆవిరి కలిసి ఉక్కును తినేస్తాయి. తుప్పు మొదట పట్టేది గస్సెట్ ప్లేట్ల సందుల్లో, బోల్టుల చుట్టూ. క్రషింగు లేని నెలల్లో గీకి రంగు వేయడం ఆనవాయితీ. నడిచే మిల్లుకే ఆ సేవ అందుతుంది. 2002లో సంయుక్త రంగంలోకి మారి నిజాం దక్కన్ షుగర్స్ అయిన సంస్థ 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడింది. పునరుద్ధరణను పరిశీలించేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఒక కమిటీని నియమించింది.

ఇటువంటి కమిటీల దృష్టి సహజంగానే బాకీలు, యంత్రాలు, చెరకు విస్తీర్ణంపై ఉంటుంది. మూతపడిన షెడ్డులో బరువు మోయనట్టు కనబడే ఏటవాలు యాంగిళ్లు పాత ఇనుము లెక్కలో మొదట ఊడదీయడానికి అనువుగా తోస్తాయి. అవి పోయాక కూడా ప్రశాంతమైన రోజుల్లో కప్పు నిలిచే ఉంటుంది. ప్రమాదం అక్కడే దాగి ఉంటుంది. విప్పదలచినా, మళ్లీ నడపదలచినా మొదటి పని ఒకటే: ఏ గడిలో బ్రేసింగు ఉంది, ఏ ముడిలో బోల్టు మిగిలింది అనేది ట్రస్సు ట్రస్సుకూ నమోదు చేయడం. విప్పేటప్పుడు బ్రేసింగు ఉన్న గడిని చివరిదాకా ఉంచాలి.