గట్టు మీద నేర్చిన ఈత

గట్టు మీద కూర్చుంటే ఈత రాదంటారు. నీళ్ల సంగతిలో అది నిజమే. గాలి సంగతి వేరు. గట్టు మీద నేర్చుకోకుండా గాలిలోకి దూకినవాళ్లలో చాలామంది మళ్లీ గట్టెక్కలేదు. అందుకే విమానం పుట్టిన కొన్నేళ్లకే, నేల మీద కూర్చోబెట్టి ఎగరడం నేర్పే యంత్రాలూ పుట్టాయి. ఇవాళ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని నడిపే యుద్ధ విమాన సిమ్యులేటర్ ఆ వంశంలోదే.

దాన్ని మొదటిసారి చూసినవాళ్లు ఒక ప్రశ్న అడుగుతారు. శత్రు విమానాన్ని కూల్చడమే కదా ఆట? మరి బ్యాటరీ స్విచ్ దగ్గర మొదలుపెట్టి, వందల పేజీల మాన్యువల్ చదువుతూ, ఇంజన్ రగిలించడానికే ఒక సాయంత్రమంతా ఖర్చు చేయడం దేనికి? జవాబు చరిత్రలో దొరుకుతుంది. ఏ కాలంలో పైలట్లు ఏ పొరపాటు వల్ల దెబ్బతిన్నారో, ఆ కాలపు శిక్షణ యంత్రం ఆ పొరపాటునే దిద్దింది. సిమ్యులేటర్ల చరిత్ర అంటే ఒకరకంగా మనిషి చేతి పొరపాట్ల చరిత్రే.

పీపాలు, తిత్తులు

మొదటి రోజుల్లో విమానం నడపడానికి ఒక పద్ధతంటూ లేదు. 1903లో రైట్ సోదరుల విమానంలో పైలట్ రెక్క మీద బోర్లా పడుకుని, నడుము కింది చట్రాన్ని పక్కకు జరిపి రెక్కల్ని మెలితిప్పేవాడు. చేతికి స్టిక్, కాళ్లకు రడ్డర్ అడ్డపట్టీ అనే ఇప్పటి అమరిక 1908 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో లూయీ బ్లేరియో విమానాల్లో కుదురుకుంది. అదే దేశంలో తయారైన ఆంత్వానెత్ విమానంలో స్టిక్ లేదు. పైలట్‌కు చెరో పక్క ఒక చక్రం ఉండేది. ఒకటి తిప్పితే ముక్కు పైకీ కిందకీ కదులుతుంది, ఇంకోటి తిప్పితే రెక్కలు ఒరుగుతాయి. ఏ మనిషి చేతికీ పుట్టుకతో రాని అలవాటు అది.

ఆ అలవాటు చేయించడానికి 1910 ప్రాంతంలో ఒక ఉపాయం పన్నారు. సగానికి కోసిన పీపా ముక్కల్ని ఒకదాని మీద ఒకటి అమర్చి, పైన కుర్చీ, రెండు చక్రాలు బిగించారు. కింద నిలబడ్డ సహాయకులు పీపాను చేతులతో ఊపుతుంటే, పైన కూర్చున్న శిష్యుడు చక్రాలు తిప్పుతూ తన ఎదుటి కడ్డీని దిగంతరేఖతో సమంగా నిలపాలి. కదలిక రాగానే ఆలోచన అక్కర్లేకుండా సరైన చెయ్యి సరైన వైపు కదలాలి. ఆ పీపా నేర్పిందల్లా అదొక్కటే, ఆ రోజుల్లో ప్రాణం నిలిపిందీ అదే. మొదటి ప్రపంచ యుద్ధ కాలానికి ఫ్రెంచి శిక్షణ కేంద్రాల్లో రెక్కలు కత్తిరించిన విమానాలు వచ్చాయి. నేల మీద పరుగెత్తడమే తప్ప ఎగరలేవు కనుక వాటిని పెంగ్విన్లు అన్నారు.

తర్వాతి మలుపు సంగీత వాద్యాలు చేసే ఇంట్లోంచి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగంటన్‌లో ఎడ్విన్ లింక్ తండ్రికి పియానోలు, ఆర్గాన్లు చేసే కర్మాగారం ఉండేది. ఆర్గాన్‌లోని గాలి తిత్తుల పనితనం లింక్‌కు చిన్ననాటి నుంచీ తెలుసు. 1920ల చివర అవే తిత్తుల మీద ఒక చిన్న విమానపు తొట్టిని నిలబెట్టాడు. స్టిక్ కదిపితే తిత్తులు ఉబ్బి, ముడుచుకుని తొట్టిని ఒరిగించేవి. మొదట్లో దాన్ని ఎక్కువగా కొన్నది వినోదశాలల వాళ్లే. శిక్షణ యంత్రంగా పుట్టినది ఆటబొమ్మగా బతికింది.

1934లో కథ మారింది. అమెరికా ప్రభుత్వం తపాలా విమానాల పనిని సైన్యానికి అప్పగించింది. పొగమంచులో, చీకట్లో, పరికరాలు చూసి నడపడం రాని సైనిక పైలట్లు కొన్ని వారాల్లోనే పదిమందికి పైగా చనిపోయారు. మేఘం లోపల, తూకం తెలిపే మనిషి చెవి అబద్ధం చెబుతుంది. ఒరిగిన విమానం నిటారుగా ఉన్నట్టే తోస్తుంది. శరీరాన్ని కాదని పరికరం ముల్లును నమ్మడం నేర్పాలి. అదే ఏడాది సైన్యం ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు లింక్ ట్రైనర్లు కొన్నది. మూత వేస్తే లోపల చీకటి, ఎదుట పరికరాలు మాత్రమే. బయట బల్ల దగ్గర శిక్షకుడి ముందు మూడు చక్రాల చిన్న బండి ఒకటి మ్యాపు మీద సిరా గీత గీస్తూ శిష్యుడు ఎటు పోతున్నాడో చూపించేది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఈ నీలిరంగు పెట్టెలు 10,000 దాకా తయారయ్యాయి. సుమారు 5 లక్షల మంది వాటిలో కూర్చుని నేర్చుకున్నారు.

మీటల తికమక

ఇంతలో విమానమే మారిపోయింది. 1935 అక్టోబర్ 30న ఒహాయో రాష్ట్రంలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ వారి నాలుగింజన్ల బాంబర్, మోడల్ 299, నేల విడిచిన కొద్ది క్షణాలకే కూలింది. తోకను, ఇతర కదిలే భాగాలను గాలికి కొట్టుకోకుండా పట్టి ఉంచే తాళం తీయడం మరిచారు. నడిపినవాళ్లు అనుభవజ్ఞులు. యంత్రంలో లోపం లేదు. గుర్తు పెట్టుకోవాల్సిన పనులు ఒక మనిషి జ్ఞాపకానికి మించిపోయాయి, అంతే. ఆ ప్రమాదం తర్వాతే చెక్‌లిస్ట్ పైలట్ల నిత్యకృత్యంలో భాగమైంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంకో చిక్కు బయటపడింది. అదే మోడల్ 299 నుంచి వచ్చిన బీ-17 బాంబర్లలో కొందరు పైలట్లు క్షేమంగా దిగాక, రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాప్‌లు ముడవబోయి చక్రాలు ముడిచేవారు. విమానం పొట్ట మీద కూలబడేది. అల్ఫాన్స్ చాపనిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోకి వెళ్లి చూస్తే, రెండు పనుల స్విచ్చులూ పక్కపక్కనే, ఒకే రూపంలో ఉన్నాయి. ఆయన చక్రాల మీటకు చిన్న చక్రం, ఫ్లాప్‌ల మీటకు రెక్క చీలిక ఆకారం తగిలించమన్నారు. చూడకుండా తడిమినా వేళ్లకు తేడా తెలియాలని. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ మీటలు వాడటంలో జరిగిన 460 పొరపాట్లను పరిశీలించి అదే సంగతిని స్థిరపరిచారు. పైలట్ తప్పు అని కొట్టిపారేసిన వాటిలో చాలావరకు అమరికలోని తప్పులే. ఒక విమానంలో అలవాటైన చెయ్యి ఇంకో విమానంలో అలవాటుగానే తప్పు మీట మీద పడుతుంది.

ఇక్కడి నుంచి శిక్షణకు కొత్త అర్థం వచ్చింది. తూకం నిలపడం, ముల్లును నమ్మడం చాలవు. ఏ విమానానికి ఆ విమానపు మీటలు, వాటి చోటు, వాటి వరస చేతికి పట్టాలి.

ఇంటికొచ్చిన కాక్‌పిట్

ఇలినాయ్ విశ్వవిద్యాలయ విద్యార్థి బ్రూస్ ఆర్ట్‌విక్ కంప్యూటర్ తెర మీద విమానయానాన్ని చూపించడం గురించి 1975లో సిద్ధాంత వ్యాసం రాశారు. ఆ దశకం చివర్లో ఆయన ఆపిల్ 2 కోసం చేసిన ఫ్లైట్ సిమ్యులేటర్‌లో గీతలతో గీసిన నేల, మొదటి ప్రపంచ యుద్ధ కాలపు చిన్న వైమానిక పోరు ఉండేవి. 1982లో అది మైక్రోసాఫ్ట్ పేరుతో ఐబీఎం కంప్యూటర్‌కు వచ్చింది. అప్పటి కంప్యూటర్‌కు తెర మీద గీతలు గీయడమే పెద్ద బరువు. స్విచ్చుల దాకా ఆలోచించే స్తోమత లేదు.

1987లో ఎఫ్-16 యుద్ధ విమానాన్ని నడిపించే ఫాల్కన్ అనే ఆట వచ్చింది. 1991లో ఫాల్కన్ 3.0, 1998 డిసెంబర్‌లో ఫాల్కన్ 4.0. ఈ చివరిది ఒక హద్దు దాటింది. రింగులు వేసిన ఫైలులో లావుపాటి మాన్యువల్ ఇచ్చారు. కోరుకున్నవాళ్లు చల్లారి ఉన్న విమానంలో కూర్చుని, ఒక్కో స్విచ్ వేసుకుంటూ ఇంజన్ రగిలించవచ్చు. 2000లో దాని సోర్స్ కోడ్ బయటికి పొక్కింది. అభిమానులు దాన్ని పట్టుకుని బీఎంఎస్ పేరుతో ఇప్పటికీ మెరుగుపరుస్తూనే ఉన్నారు.

రష్యాలో మరో పాయ కదిలింది. మాస్కోలోని ఈగిల్ డైనమిక్స్ 1995లో సుఖోయ్-27 మీద ఫ్లాంకర్ తెచ్చింది. 2001లో ఒలెగ్ మాడాక్స్ బృందం ఐఎల్-2 ష్టుర్మోవిక్ తెచ్చి, రెండో ప్రపంచ యుద్ధ ఇంజన్ల గుణం ఇంట్లో కూర్చున్నవాళ్లకు తెలిసేలా చేసింది. ఆ ధారలో నేర్చుకున్నవాళ్లకు పోరాటం మధ్యలోనే ఒక చరిత్ర పాఠం దొరుకుతుంది. జర్మన్ ఎఫ్‌డబ్ల్యూ-190 ఇంజన్‌కు ఒక యాంత్రిక పెట్టె ఉంది. పైలట్ ఇంజన్ శక్తిని సర్దే థ్రాటిల్ ఒక్కటి కదిపితే ప్రొపెల్లర్ కోణం, ఇంధన మిశ్రమం అదే సర్దుతుంది. సోవియట్ యాక్ పైలట్‌కు ఆ సుఖం లేదు. మిశ్రమానికి ఒక మీట, ప్రొపెల్లర్‌కు ఒకటి, నీళ్ల రేడియేటర్‌కు ఒకటి, నూనె రేడియేటర్‌కు ఒకటి. శత్రువును వెంబడిస్తూ రేడియేటర్ తెరవడం మరిస్తే ఇంజన్ కాగిపోతుంది. తెరిచి మూయడం మరిస్తే వేగం తగ్గుతుంది. ఆనాటి పైలట్ మెదడులో ఎంత భాగం తుపాకీకి, ఎంత భాగం ఉష్ణమాపకానికి పోయేదో పుస్తకం చెబితే ఒకలా తెలుస్తుంది, చేత్తో చేస్తే ఇంకోలా తెలుస్తుంది.

వరస వెనక కారణం

2008లో ఈగిల్ డైనమిక్స్ కేఏ-50 హెలికాప్టర్ మీద బ్లాక్ షార్క్ తెచ్చింది. కాక్‌పిట్‌లోని స్విచ్చులను మౌస్‌తో నొక్కవచ్చు, నొక్కితే దాని వెనక వ్యవస్థ నిజంగా కదులుతుంది. ఆ తర్వాత వచ్చిన ఏ-10సీ వార్ట్‌హాగ్ విమానపు సిమ్యులేటర్ వెనక, అమెరికా ఎయిర్ నేషనల్ గార్డ్ పైలట్ల శిక్షణ కోసం చేసిన డెస్క్‌టాప్ సిమ్యులేటర్ ఉంది. లింక్ పెట్టె వినోదశాలలోంచి సైన్యంలోకి పోయింది. ఇది సైన్యంలోంచి ఇంటికి వచ్చింది.

2018లో ఇంటి సిమ్యులేటర్‌కు వచ్చిన ఎఫ్/ఏ-18సీ హార్నెట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. మొదట బ్యాటరీ. తర్వాత ఏపీయూ అనే చిన్న సహాయక ఇంజన్, దాని పచ్చదీపం వెలిగేదాకా ఆగాలి. తర్వాత కుడి ఇంజన్. కుడిదే ఎందుకు? చక్రాల బ్రేకులకు హైడ్రాలిక్ పీడనం అటువైపు వ్యవస్థ నుంచే వస్తుంది కనుక. మంటల హెచ్చరిక పరీక్ష చేసి ఉంటే, ఇంజన్ నుంచి గాలి తీసే కవాటాలు ఆ పరీక్షలోనే మూసుకుని ఉంటాయి. బ్లీడ్ ఎయిర్ నాబ్‌ను ఒక చుట్టు పూర్తిగా తిప్పితే గానీ తిరిగి తెరుచుకోవు. దిక్కు తెలిపే వ్యవస్థను సరిచేసేటప్పుడు, నేల మీద ఉంటే ఒక గుర్తు దగ్గర, విమానవాహక నౌక మీద ఉంటే వేరే గుర్తు దగ్గర నాబ్ పెట్టాలి. నౌక కదులుతూ ఉంటుంది, నేల కదలదు.

నేర్చుకునేవాళ్లు మొదటి వారం ఈ వరసను బట్టీ పడతారు, రెండో వారం మరిచిపోతారు. నిలిచేది కారణం తెలిసినవాళ్లకే. కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది, గాలి ఎక్కడి నుంచి, పీడనం ఎక్కడి నుంచి అన్నది పట్టుబడితే వరస దానంతట అదే గుర్తుంటుంది. ఒక్కోరోజు ఒక్క పని పెట్టుకోవడం మేలు. ఒకరోజు ఇంజన్, ఒకరోజు ట్రిమ్ (చెయ్యి తీసినా విమానం నిలకడగా ఉండేలా సర్దడం), ఒకరోజు దిగడం. ఆయుధాలు చివర. అభ్యాసం కూసువిద్య అన్న మాట ఇక్కడ అక్షరాలా చెల్లుతుంది.

నౌక మీద దిగడం మరీ తలకిందుల విద్య. కిందికి పోతున్నామనిపిస్తే చెయ్యి సహజంగా స్టిక్‌ను వెనక్కి లాగుతుంది. హార్నెట్‌లో అది తప్పు. ట్రిమ్‌తో విమానాన్ని గాలికి 8.1 డిగ్రీల కోణంలో నిలిపి, ఎత్తును థ్రాటిల్‌తో సర్దాలి. కోణం కుదిరితే ఎదుట కాషాయ వలయం వెలుగుతుంది. ఆ వలయాన్ని ఆర్పకుండా డెక్ దాకా రావడానికి థ్రాటిల్ మీది చెయ్యి క్షణం ఆగకుండా చిన్నచిన్నగా కదులుతూనే ఉండాలి. ఆ చెయ్యి తయారవడానికి వారాలు పడుతుంది. 1910లో పీపా మీద కూర్చున్న శిష్యుడి కష్టం కూడా ఇదే జాతిది.

చేతికి అందనిది

తెర మీద ఎంత నిజముందో చేతిలోని పరికరంలో అంత ఉండదు. పోరాటంలో పైలట్ తల దించకూడదని 1970ల యుద్ధ విమానాల్లో ముఖ్యమైన మీటలన్నీ స్టిక్, థ్రాటిల్ మీదికే తెచ్చారు. ఇళ్లలో ఆ అమరిక 1990లలో థ్రస్ట్‌మాస్టర్ వంటి సంస్థల పరికరాలతో మొదలైంది. తల తిప్పితే చూపు తిరిగే ట్రాకర్లు, 2016 తర్వాత వీఆర్ కళ్లజోళ్లు తోడయ్యాయి.

అయినా తేడా మిగిలే ఉంది. ఎఫ్-16లో స్టిక్ పక్కన ఉంటుంది. మొదట్లో అది అసలు కదిలేది కాదు, చెయ్యి పెట్టే బలాన్నే కొలిచేది. 1974లో నేల మీద పరుగు పరీక్షలో విమానం అటూఇటూ ఊగిపోతే, టెస్ట్ పైలట్ ఫిల్ ఓస్ట్రైకర్ అనుకోకుండానే గాలిలోకి లేపాల్సి వచ్చింది. తర్వాత స్టిక్‌కు కొద్దిపాటి కదలిక ఇచ్చారు. ఇంట్లో ఎక్కువమంది వాడేది మాత్రం స్ప్రింగు మీద బాగా వాలే స్టిక్. ఇక మలుపులో ఛాతీ మీద పడే బరువు, కళ్ల ముందు కమ్మే మసక ఇంట్లో ఏ గదిలోనూ దొరకవు. ఇంట్లో నేర్చిన మనిషికి క్రమం వస్తుంది, కారణం వస్తుంది, చూపు ఎటు పోవాలో వస్తుంది. ఒళ్లు మాత్రం తయారవదు. ఈ హద్దు తెలుసుకున్నవాళ్లకే సిమ్యులేటర్ పూర్తి మేలు చేస్తుంది.

మన ఆకాశం

ఈ కథకు మన నేలతోనూ సంబంధముంది. దుండిగల్‌లోని వాయుసేన అకాడమీ, హకీంపేట స్థావరం దశాబ్దాలుగా పైలట్లను తయారు చేస్తున్నాయి. హకీంపేట మీదుగా ఎగిరిన కిరణ్ జెట్ల మోత హైదరాబాద్ శివార్లకు బాగా తెలుసు. చాలాకాలం మన యువ పైలట్లు నెమ్మదైన ఆ శిక్షణ విమానాల నుంచి మధ్యలో సరైన మెట్టు లేకుండా మిగ్-21 యుద్ధ విమానం వైపు వెళ్లారు. 1982లోనే ఒక నిపుణుల సంఘం అధునాతన జెట్ ట్రైనర్ కావాలని చెప్పింది. ఆ పనికి తెచ్చిన హాక్ విమానాలు బీదర్‌లో లాంఛనంగా వాయుసేనలో చేరేసరికి 2008 అయింది.

ఆ ఖాళీ ఎంత లోతైనదో 2014లో ఇంటి సిమ్యులేటర్‌కు వచ్చిన మిగ్-21బిస్ నడిపితే కొంత అర్థమవుతుంది. చిన్న డెల్టా రెక్కలు. దిగేటప్పుడు ఇంజన్ గాలిని ఫ్లాప్‌ల మీదికి ఊదే ఏర్పాటు ఉంది. తొందరపడి థ్రాటిల్ పూర్తిగా తగ్గిస్తే ఆ గాలి ఆగి, విమానాన్ని నిలిపే బలమూ పడిపోతుంది. నేను అలా రన్‌వే మీద ఎన్నిసార్లు కూలానో లెక్కపెట్టలేదు. ప్రతిసారీ ఒక మీట నొక్కి మళ్లీ మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్ల వయసులో నిజమైన విమానంలో కూర్చున్నవాళ్లకు ఆ మీట లేదు. 1963 నుంచి 2025 సెప్టెంబర్ దాకా మిగ్-21లను నడిపిన మన పైలట్ల పట్ల నాకున్న గౌరవం పుస్తకాలు చదివి కాక, ఆ కూలిన దిగుబాట్ల వల్లే పదింతలైంది.

సిమ్యులేటర్ ఇచ్చే పెద్ద వరం ఇదేనని నేను నమ్ముతాను. అది మనల్ని పైలట్లను చేయదు. పైలట్ పని ఎంత కష్టమో చేతికి తెలిసేలా చేస్తుంది. అడుగడుగునా అది అప్పగించే క్రమం వెనక ఎవరో పడిన దెబ్బ ఉంది. దిగే ముందు తెర మీద చక్రాల మీటను కిందికి దించేటప్పుడు ఒక్క క్షణం దాని పిడిని గమనించండి. చాలా విమానాల్లో అది చిన్న చక్రం ఆకారంలో ఉంటుంది. మౌస్‌తో నొక్కే మనకు ఆ ఆకారంతో పని లేదు. 1940లలో అలసిపోయిన చేతులు తప్పు మీట లాగాయి కనుక అది అలా ఉంది.