ఉమ్రావుసింగు షేర్‌గిల్ ఛాయాచిత్రములు

ఛాయాశబ్దమునకు సూర్యపత్ని, కాంతి, ప్రతిబింబము, ఎండలేమి యని యమరసింహుఁడు నాలుగర్థములు చెప్పెను. ఛాయాచిత్రమనునపుడు మూఁడవ యర్థమే గ్రాహ్యము. అయినను రెండవదియు విడువరానిదని పంజాబుదేశీయుఁడగు ఉమ్రావుసింగు షేర్‌గిల్ (1870–1954) తీసిన చిత్రములఁ జూచువారికిఁ దోఁపకమానదు.

ఈతఁడు మజీఠియావంశపు సర్దారు. సంస్కృత పారసీక భాషలయందుఁ గృషిచేసినవాఁడు. ఛాయాగ్రహణ మాతనికి జీవనోపాయము కాదు. పూర్వమీ విద్య మిక్కిలి క్లేశసాధ్యము. గాజుపలకకుఁ గొలోడియను పూసి, వెండిద్రావకమున ముంచి, తడియాఱకమున్నే బింబమును గ్రహించి, వెంటనే చీఁకటిగదిలో దానిని వ్యక్తపఱుపవలసియుండెను. 1871లో మ్యాడాక్స్ అను నాంగ్లవైద్యుఁడు జిలాటినుపూఁతగల పొడిపలకను బ్రకటించిన పిదపఁ గ్రమముగా నా తొందర తొలఁగెను. సిద్ధమైన పలకలంగడిలో దొరకుటచే వేడుకకై చిత్రములు తీయువారు పెరిగిరి. 1890 ప్రాంతమునఁ బనికిఁ దొడఁగిన ఉమ్రావుసింగు వారిలో నొకఁడు.

1912లో నాతఁడు హంగరీదేశపు గాయని మేరీ ఆంత్వనెత్‌ను బెండ్లాడి బుడాపెస్టునకుఁ బోయెను. 1913లో అమృతయు, 1914లో ఇందిరయు నచ్చటనే జన్మించిరి. మహాయుద్ధము కారణముగా 1921 వఱకు వారికి స్వదేశమునకు మరలుట పొసఁగలేదు. అచ్చటను, పిమ్మట సిమ్లాలోను, 1929 మొదలు పారిస్‌లోను ఆతఁడు భార్యను, బిడ్డలను, తన్నుఁ దాను విడువక చిత్రించెను. వెలకుఁ దీయువాని శాలలో రంగులతెర, చేయూనుటకు బల్ల, బిగిసిన మొగము – ఇంతియే. ఇచ్చటనో, చిత్తరువు వ్రాయుచున్న అమృత, అలంకరించుకొన్న మేరీ, పుస్తకములనడుమఁ గూర్చున్న తాను, ఉపవాసముచేఁ గృశించిన తన మేను! ధనమిచ్చి యిట్టి చిత్రమునెవఁడు తీయించుకొనును? ఎవరి మెప్పును గోరనివానికే యిది సాధ్యము. కావుననే చిత్రకారిణిగాఁ బ్రసిద్ధికెక్కిన అమృతయొక్క చరిత్రమునకు దీనిని మించిన సాక్ష్యము లరుదు.

1941లో అమృత లాహోరునఁ దన యిరువదియెనిమిదవయేట మరణించెను. 1948లోఁ దల్లియుఁ బోయెను. సంతోషమునకై తీసిన పలకలు తండ్రికి స్మృతిగా మిగిలినవి.

2001లో ఇందిర కుమారుఁడు, చిత్రకారుఁడు వివాన్ సుందరం తాత తీసిన యీ చిత్రములను గణకయంత్రముచేఁ గలిపి క్రొత్తకూర్పులు చేయఁజొచ్చెను. వానిలో వేర్వేఱు కాలములవారొక్కచోటఁ గన్పట్టుదురు. కావ్యమున నిది యొప్పును, ఆ కూర్పులు రమ్యములే. చరిత్రకారుఁడు మాత్రము మూలచిత్రములనే యాశ్రయింపవలెను. ఏలయన, బిడ్డలను జూచుచుఁ దండ్రి యెచ్చట నిలిచెనో వానివలననే తెలియును.