క్వెరీ, కమిట్: విడదీస్తే నిలవని జంట

డేటాబేస్‌ల చరిత్ర చెప్పేవాళ్లు ఎక్కువగా 1970 జూన్‌తో మొదలుపెడతారు. ఐబీఎం వారి శాన్ హోసే పరిశోధనశాలలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ ఆ నెలలో ప్రచురించిన వ్యాసమే రిలేషనల్ మోడల్‌కు పునాది. సమాచారాన్నంతా పట్టికలుగా చూడవచ్చని, ఆ పట్టికల మీద సమితుల గణితంతో ప్రశ్నలు వేయవచ్చని ఆయన చూపించారు. అక్కడి నుంచి కథ ఎస్‌క్యూఎల్ వైపు, ఆపైన ఒరాకిల్ లాంటి కంపెనీల వైపు సాగిపోతుంది. ట్రాన్సాక్షన్ మాట చివరెక్కడో, బ్యాంకుల కోసం తర్వాత తగిలించిన సాంకేతిక వివరంలా వస్తుంది. కథను ఈ వరుసలో చెప్పడం పొరపాటని నా అభిప్రాయం. ఏం కావాలో మనిషి చెబితే చాలు, ఎలా తేవాలో యంత్రం చూసుకుంటుందన్నది క్వెరీ ఇచ్చిన హామీ. మధ్యలో కరెంటు పోయినా, అదే క్షణంలో ఇంకో వందమంది అదే పట్టికను మారుస్తున్నా, పని ఒక్కరే కూర్చుని చేసుకున్నంత శుభ్రంగా ముగుస్తుందన్నది ట్రాన్సాక్షన్ ఇచ్చిన హామీ. రెండోది లేకుండా మొదటిది నిలబడదు. ఈ రెంటినీ విడదీసినవాళ్లు ఎంత తరచుగా మళ్లీ కలపాల్సి వచ్చిందో చూస్తే ఈ మాట బోధపడుతుంది.

కాడ్‌కు ముందు పరిస్థితి ఏమిటో గుర్తు చేసుకోవాలి. అపోలో కార్యక్రమంలో సాటర్న్ రాకెట్ విడిభాగాల లెక్క చూడటానికి నార్త్ అమెరికన్ రాక్‌వెల్, కాటర్‌పిల్లర్ సంస్థలతో కలిసి ఐబీఎం తయారుచేసిన ఐఎంఎస్ 1968లో నడక మొదలుపెట్టింది. అందులో సమాచారం చెట్టు కొమ్మల్లా, పైనుంచి కిందికి ఉంటుంది. జనరల్ ఎలక్ట్రిక్‌లో చార్లెస్ బాక్‌మన్ రూపొందించిన ఐడీఎస్‌లో రికార్డులు ఒకదానికొకటి గొలుసుల్లా కట్టి ఉంటాయి. ఏ పద్ధతిలోనైనా ప్రోగ్రామర్‌కు దారి తెలియాలి. ఏ రికార్డు నుంచి ఏ రికార్డుకు వెళ్లాలో, ఎక్కడ ఆగాలో అతనే రాయాలి. 1973లో ట్యూరింగ్ అవార్డు అందుకుంటూ బాక్‌మన్ చేసిన ప్రసంగం ప్రోగ్రామర్‌ను నావికుడిగా వర్ణించింది, అదీ గర్వంగానే. కాడ్‌కు నచ్చనిది సరిగ్గా ఇదే. డిస్కు మీద అమరిక మారితే దాని మీద ఆధారపడిన ప్రోగ్రాములన్నీ తిరగరాయాలి. దారి చూసుకునే పని యంత్రానిది కావాలని ఆయన పట్టు.

1974 మే నెలలో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో జరిగిన సదస్సులో కాడ్, బాక్‌మన్ వర్గాలు ముఖాముఖి వాదించుకున్నాయి. అదే సదస్సులో ఐబీఎంకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ‘సీక్వెల్’ అనే భాషను పరిచయం చేశారు. సీక్వెల్ పేరు మీద అప్పటికే వేరే సంస్థకు హక్కు ఉండటంతో అది ఎస్‌క్యూఎల్ అయింది. తన మేనేజర్ కన్నా ఎక్కువ జీతం తీసుకునే ఉద్యోగులెవరన్న ప్రశ్న ఆ రోజుల్లో తరచూ ఉదాహరణగా వచ్చేది. పాత పద్ధతిలో దానికి పొడవాటి ప్రోగ్రాము కావాలి. కొత్త భాషలో, మన అక్షరాల్లో రాస్తే, ఇంతే: సెలెక్ట్ ఉ.పేరు ఫ్రమ్ ఉద్యోగులు ఉ, ఉద్యోగులు మ వేర్ ఉ.మేనేజర్ = మ.నంబర్ అండ్ ఉ.జీతం > మ.జీతం. ఒకే పట్టికను ఉద్యోగిగా ఒకసారి, మేనేజర్‌గా ఒకసారి పక్కపక్కన పెట్టి పోల్చమన్నాం. ముందు ఎవరి వరుస తెరవాలో, ఏ ఇండెక్సు వాడాలో చెప్పలేదు. ఇది చదవడానికి బాగుంటుంది గానీ నెమ్మదిగా నడుస్తుందని బాక్‌మన్ వైపు వాళ్లు అన్నారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. దానికి గట్టి జవాబు 1979లో ప్యాట్రీషియా సెలింజర్ బృందం నుంచి వచ్చింది. సాధ్యమైన దారులన్నిటికీ ఖర్చు అంచనా కట్టి, చవకైనదాన్ని యంత్రమే ఎంచుకునే పద్ధతిని వారు చూపించారు. నేటి ఆప్టిమైజర్లకు మూలం అదే.

చరిత్ర పుస్తకాల్లో క్వెరీ కథ ఇక్కడికి ముగుస్తుంది. కానీ శాన్ హోసేలో నడిచిన ‘సిస్టమ్ ఆర్’ ప్రాజెక్టు పని వరుస ఇంకో సంగతి చెబుతుంది. 1974, 75లలో వాళ్లు ముందుగా ఒకేఒక్క మనిషి వాడగల నమూనా కట్టారు. అందులో ప్రశ్నలు వేయవచ్చు గానీ, పదిమంది ఒకేసారి వాడే వీలు లేదు, యంత్రం ఆగిపోతే కోలుకునే ఏర్పాటు లేదు. ఆ నమూనాను, మొదటి నుంచీ అనుకున్నట్టే, పక్కన పడేసి తాళాలూ పునరుద్ధరణా ఉన్న అసలు వ్యవస్థను కొత్తగా కట్టారు. 1976లో ఆ బృందంలోని ఈశ్వరన్, జిమ్ గ్రే, రేమండ్ లోరీ, ఇర్వింగ్ ట్రైగర్ రాసిన వ్యాసం ట్రాన్సాక్షన్‌కు స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది. ఒక ఖాతా నుంచి 5,000 రూపాయలు తీసి ఇంకో ఖాతాలో వేయాలంటే రెండు అప్‌డేట్లు కావాలి. మొదటిది అయ్యాక, రెండోది కాకముందు యంత్రం ఆగిపోతే డబ్బు గాలిలో కలిసిపోతుంది. బిగిన్‌తో మొదలుపెట్టి కమిట్‌తో ముగిస్తే రెండూ జరుగుతాయి, లేదా ఏదీ జరగదు. దీని వెనక ఉన్న సూత్రం సరళమైనది: పట్టికలో మార్పు డిస్కు చేరకముందే ఆ మార్పు వివరం లాగ్‌లోకి చేరాలి. మళ్లీ లేచాక యంత్రం ఆ లాగ్ చదివి, కమిట్ అయినవాటిని నిలబెడుతుంది, కానివాటిని వెనక్కి తిప్పుతుంది. 1983లో జర్మనీకి చెందిన థియో హార్డర్, ఆండ్రియాస్ రాయిటర్ ట్రాన్సాక్షన్‌కు ఉండాల్సిన లక్షణాలకు ‘యాసిడ్’ అన్న పొట్టి పేరు పెట్టారు.

ఆ ల్యాబులోనే ఒక హాలోవీన్ రోజున బయటపడిన లోపం క్వెరీకీ మార్పుకూ ఉన్న ముడిని బాగా చూపిస్తుంది. 25,000 డాలర్ల కన్నా తక్కువ జీతమున్న ఉద్యోగులందరికీ 10 శాతం పెంచమని ఒక అప్‌డేట్ నడిపారు. తప్పేమీ చూపకుండా పని ముగిసింది. తీరా చూస్తే ఒక్కరి జీతమూ 25,000కు తక్కువ లేదు. యంత్రం జీతాల ఇండెక్సు వెంట కింది నుంచి పైకి నడిచింది. 20,000 ఉన్న మనిషికి 22,000 చేయగానే అతని వరుస ఇండెక్సులో ముందుకు జరిగింది. నడక అక్కడికి చేరేసరికి మళ్లీ అతనే కనిపించాడు. 24,200 అయింది, ఆపైన 26,620 అయింది. రాసిన వాక్యంలో తప్పు లేదు. ప్రశ్న ఏ స్థితి మీద వేశామో ఆ స్థితి, జవాబు వెతుకుతుండగానే కదిలిపోయింది. ముందు అర్హుల్ని గుర్తించి, తర్వాతే మార్చేలా వ్యవస్థను దిద్దారు. ఒక్క వాక్యం తన మార్పుల నుంచి తనను తానే కాపాడుకోవాల్సి వచ్చినప్పుడు, వందమంది వాక్యాలు ఒకేసారి నడిచే చోట కాపలా ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

క్వెరీ, ట్రాన్సాక్షన్ విడదీయరాని జంట అన్న ఈ వాదనకు ఒక అభ్యంతరం ఉంది. ట్రాన్సాక్షన్లు రిలేషనల్ లోకానికి ముందే ఉన్నాయి కదా, అమెరికన్ ఎయిర్‌లైన్స్ టికెట్ల కోసం ఐబీఎం కట్టిన ‘సేబర్’ 1960లలోనే నడిచింది కదా అని. నిజమే. ఆచరణ అక్కడ మొదలైందనడంలో సందేహం లేదు. అయితే ఆ వ్యవస్థల్లో ప్రోగ్రాములు ముందే రాసి ఉంటాయి, ఏ ప్రోగ్రాము ఏ రికార్డును తాకుతుందో ముందే తెలుసు. ఎవరు ఏ ప్రశ్న వేస్తారో తెలియని చోట కాపలా కాయడం వేరే సమస్య. ‘వరంగల్ ఖాతాలన్నీ’ అని ఒకరు అడిగినప్పుడు, ఇంకా పట్టికలో లేని, రేపు చేరబోయే వరంగల్ ఖాతాకు కూడా తాళం వేయాలి. 1976 వ్యాసం ఎదుర్కొన్న చిక్కు ఇదే. అంటే ట్రాన్సాక్షన్ సిద్ధాంతానికి ఆ లోతు రావడానికి కారణం క్వెరీ ఇచ్చిన స్వేచ్ఛే.

తర్వాతి చరిత్రలో ఈ జంటను విడదీసిన ప్రయత్నాలు వరుసగా కనిపిస్తాయి. 1979లో ఐబీఎం కన్నా ముందే మార్కెట్లోకి వచ్చిన ఒరాకిల్ వెర్షన్ 2లో క్వెరీలు ఉన్నాయి, ట్రాన్సాక్షన్లు లేవు. 1983 నాటి వెర్షన్ 3లో కమిట్, రోల్‌బ్యాక్ చేరాయి. 1995లో మొదలైన మైఎస్‌క్యూఎల్ వేగం కోసం ట్రాన్సాక్షన్లు లేకుండానే వెబ్‌సైట్లలో వ్యాపించింది. 2010లో వెర్షన్ 5.5 నాటికి ట్రాన్సాక్షన్లున్న ఇన్నోడీబీయే దాని డిఫాల్ట్ స్టోరేజ్ ఇంజిన్ అయింది. గూగుల్ ‘బిగ్‌టేబుల్’ 2006లో, అమెజాన్ ‘డైనమో’ 2007లో వివరించిన పద్ధతులు వేల యంత్రాల మీద పరచుకోవడానికి క్వెరీ భాషనూ, పలు వరుసలకు వర్తించే ట్రాన్సాక్షన్లనూ వదిలేశాయి. అదే గూగుల్ 2012లో ‘స్పానర్’తో రెంటినీ వెనక్కి తెచ్చుకుంది. ట్రాన్సాక్షన్లు లేని లోటును ప్రతి ప్రోగ్రామర్ తన కోడుతో పూడ్చుకోవడం కన్నా, వాటి వల్ల వేగం తగ్గిన చోట దిద్దుకోవడం మేలని దాని రూపకర్తలు రాశారు. మాంగోడీబీ కూడా 2018లో పలు డాక్యుమెంట్లకు వర్తించే ట్రాన్సాక్షన్లను చేర్చింది.

ప్రతి చోటా ఈ ఖర్చు అవసరమా అని అడిగేవాళ్లకు నా జవాబు: అవసరం లేదు. వీడియోను ఎంతమంది చూశారన్న అంకెలో ఒకటి తగ్గితే ఎవరికీ నష్టం లేదు. పైగా ఆచరణలో హామీ అన్ని చోట్లా సంపూర్ణంగా అమలు కాలేదు. గ్రే బృందమే 1976లో వేగం కోసం కాపలాను అంచెలుగా సడలించే మార్గాలు వివరించింది. ఎస్‌క్యూఎల్ ప్రమాణం 1992లో వాటిని నాలుగు ఐసోలేషన్ స్థాయిలుగా పెట్టింది. ఆ నిర్వచనాల్లో సందిగ్ధత ఉందని 1995లో గ్రేతో సహా ఆరుగురు నిపుణులు చూపించారు. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ మనం ఏమీ చెప్పకపోతే ‘రీడ్ కమిటెడ్’ స్థాయిలో నడుస్తాయి. ఆ స్థాయిలో ఇద్దరు ఒకే ఖాతాలో 10,000 అని చదివి, తమ ప్రోగ్రాములో ఒకరు 3,000, ఇంకొకరు 4,000 తీసి, 7,000 అని ఒకరు, 6,000 అని ఇంకొకరు రాస్తే ఒకరి మార్పు చెరిగిపోతుంది, ఏ హెచ్చరికా రాదు. తీసివేత అప్‌డేట్ వాక్యంలోనే రాయడం, ‘సెలెక్ట్ ఫర్ అప్‌డేట్’తో వరుసను ముందే పట్టుకోవడం, లేదా సీరియలైజబుల్ స్థాయి కోరడం దీనికి మందు. దీన్నిబట్టి హామీ అక్కర్లేదని అనుకోకూడదు. దాన్ని ఎక్కడ ఎంత సడలించామో తెలిసి ఉండాలి.

అందుకే ఈ చరిత్రకు మన చదువులతో నేరుగా సంబంధం ఉంది. ఇంజినీరింగ్ సిలబస్‌లలో ఎస్‌క్యూఎల్ ఒక యూనిట్, ట్రాన్సాక్షన్లు ఆ తర్వాతెప్పుడో ఇంకో యూనిట్. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కోర్సు సెలెక్ట్‌తో మొదలవుతుంది. ఆ వరుసలో నేర్చుకున్న విద్యార్థికి క్వెరీ ఒక నైపుణ్యంగా, కమిట్ ఒక ఇంటర్వ్యూ ప్రశ్నగా మిగులుతాయి. మైఎస్‌క్యూఎల్ మామూలుగా ప్రతి వాక్యాన్నీ దానంతట అదే కమిట్ చేసే ఆటోకమిట్‌లో నడుస్తుంది కనుక, వేర్ మరిచిపోయి కొట్టిన డిలీట్ అక్కడికక్కడే ఖాయమైపోతుంది. బిగిన్ కొట్టి, డిలీట్ నడిపి, ఎన్ని వరుసలు పోయాయో చూసి, లెక్క సరిపోతేనే కమిట్, లేదంటే రోల్‌బ్యాక్ అన్నది అప్‌డేట్ నేర్పే మొదటి రోజే చేతికి అలవాటు కావాలి. ఒక్కరికే పనికొచ్చే నమూనాను పక్కన పెట్టి పదిమందికి పనికొచ్చేదాన్ని కొత్తగా కట్టిన సిస్టమ్ ఆర్ బృందానికి ఈ సంగతి మొదట్లోనే తెలుసు. ప్రశ్న అడగడం నేర్పినవాళ్లే, జవాబును నమ్మదగ్గదిగా ఉంచడం కూడా అదే పాఠంలో నేర్పాలి.