ఓటర్లు గెలిపించిన చట్టాన్ని చట్టసభ రద్దు చేయొచ్చా?

అమెరికాలో ఎన్నికల రోజు ఓటరు చేతికి వచ్చే బ్యాలెట్‌లో అభ్యర్థుల పేర్లతోపాటు కొన్ని ప్రశ్నలూ ఉంటాయి. కనీస వేతనం పెంచాలా? ఫలానా వారికి ఓటు హక్కు తిరిగి ఇవ్వాలా? అవుననో కాదనో చెప్పాలి. వీటినే బ్యాలెట్ మెజర్లు అంటారు. దేశమంతటికీ కలిపి ఇలాంటి ఓటింగ్ లేదు. దాదాపు సగం రాష్ట్రాల్లో మాత్రం పౌరులే సంతకాలు సేకరించి తమ ప్రతిపాదనను ఓటుకు పెట్టించగలరు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియాలో ఆ వీలుంది, టెక్సాస్, న్యూజెర్సీల్లో లేదు.

కార్మిక సంఘాలు, ఓటు హక్కుల సంస్థలు ఈ దారి పట్టడానికి కారణం ఉంది. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 నుంచి కదల్లేదు. 2020లో ఫ్లోరిడా ఓటర్లు ట్రంప్‌కు మెజారిటీ ఇచ్చారు. అదే బ్యాలెట్‌లో, వేతనాన్ని 2026 నాటికి దశలవారీగా 15 డాలర్లు చేయాలన్న ప్రతిపాదనకు సుమారు 61 శాతం మంది అవునన్నారు. అక్కడ 60 శాతం వస్తేనే గెలుపు. పార్టీకి వేసే ఓటు, జేబు చూసుకుని వేసే ఓటు ఒకటే కానక్కర్లేదన్నమాట.

గెలిచాక అసలు చిక్కు మొదలవుతుంది. మిస్సోరీలో 2024 నవంబరులో 15 డాలర్ల వేతనం, జీతంతో కూడిన సిక్ లీవు ఒకే ప్రతిపాదనగా సుమారు 58 శాతం ఓట్లతో నెగ్గాయి. సిక్ లీవు 2025 మే 1న అమల్లోకి వచ్చింది. ఆగస్టు 28తో పోయింది. చట్టసభ రద్దు బిల్లు తెచ్చింది, గవర్నరు సంతకం పెట్టారు. 15 డాలర్లు మిగిలాయి కానీ, ధరలను బట్టి ఏటా వేతనం పెరిగే ఏర్పాటు ఎగిరిపోయింది. ఇదెలా సాధ్యం? ఓటర్లు ఆమోదించింది రాజ్యాంగ సవరణ కాదు, మామూలు చట్టం. మిస్సోరీలో దాన్ని చట్టసభ మార్చేయొచ్చు. కాలిఫోర్నియాలో అలా కుదరదు. ప్రతిపాదనలోనే అనుమతి రాసి ఉంటే తప్ప, మళ్లీ ఓటర్లనే అడగాలి.

పోనీ రాజ్యాంగ సవరణే చేస్తే? ఫ్లోరిడా 2018లో అదే చేసింది. హత్య, లైంగిక నేరాలు మినహా, శిక్ష పూర్తిచేసిన వారికి ఓటు హక్కు దక్కాలని 64 శాతానికి పైగా ఓటేశారు. దాదాపు 14 లక్షల మందికి మేలు జరుగుతుందని అంచనా వేశారు. మరుసటి ఏడాదే చట్టసభ, జరిమానాలు, కోర్టు రుసుములు కట్టాకే శిక్ష పూర్తయినట్టని చట్టం చేసింది. 2020లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు దాన్ని సమర్థించింది. ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఒకేచోట చెప్పే రికార్డు మాత్రం రాష్ట్రం దగ్గర లేదు. డబ్బున్నా ఎంత కట్టాలో తెలియని పరిస్థితి!

కొన్నిచోట్ల గెలుపు గీతనే పైకి జరిపే ప్రయత్నాలూ జరిగాయి. ఒహాయోలో రాజ్యాంగ సవరణలకు సాధారణ మెజారిటీ బదులు 60 శాతం ఓట్లు ఉండాలన్న ప్రతిపాదనను 2023 ఆగస్టులో ఓటర్లే తిప్పికొట్టారు.

అమెరికాలో పౌరసత్వం వచ్చినవారు ఓటేసే ముందు, బ్యాలెట్‌లో ఉన్నది చట్టమా, రాజ్యాంగ సవరణా అన్నది చూసుకోవాలి. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో ఓటర్లకు ఇచ్చే గైడులో పూర్తి పాఠం ఉంటుంది. గ్రీన్‌కార్డు, హెచ్-1బీ వీసాపై ఉన్నవారికి ఈ ఓటు లేదు.